సందేహాలు – సమాధానాలు: కాన్‌ఫ్లిక్ట్ వస్తే కంగారు వద్దు

సందేహం: మా పెదనాన్న షాపు కోసం అన్నయ్యా నేనూ వెబ్‌సైట్ చేస్తున్నాం. రాత్రి అన్నయ్య చేసిన మార్పుల్ని నావాటితో కలపబోతే ‘కాన్‌ఫ్లిక్ట్’ అని వచ్చింది. ఫైల్లో ఎక్కడ చూసినా బాణం గుర్తులే. నా పనంతా పోయినట్టేనా?
– ఓ పాఠకురాలు, రెజిమెంటల్ బజార్, సికింద్రాబాద్

సమాధానం: మీ పని ఎక్కడికీ పోలేదు, ముందు స్థిమితపడండి. ఒకే లైనును ఇద్దరూ రెండు రకాలుగా మార్చినప్పుడు ఏది ఉంచాలో గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్) సొంతంగా తేల్చదు, మిమ్మల్ని అడుగుతుంది. మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ అంటే ఇదే. ఎడమకు తిరిగిన ఏడు బాణాల కింద, ఏడు సమాన గుర్తుల దాకా ఉన్నది మీది. అక్కణ్నుంచి కుడికి తిరిగిన ఏడు బాణాల దాకా ఉన్నది అన్నయ్యది (రీబేస్ చేస్తున్నప్పుడు మాత్రం ఇది తారుమారవుతుంది). మీరు ‘షాపు తీసే వేళ ఉదయం 10’ అనీ, ఆయన ‘10.30’ అనీ రాసుంటే పెదనాన్నను అడిగి, సరైన లైను ఉంచి, గుర్తులున్న మూడు లైన్లూ చెరిపి, గిట్ యాడ్ ఇచ్చి కమిట్ చేయండి.

సందేహం: ఉద్యోగంలో కొత్తగా చేరాను. కాన్‌ఫ్లిక్ట్ సరిచేస్తూ మా సీనియర్ రాసిన భాగం చెరిపేసి కమిట్ చేశాను. చెప్పాలంటే భయం, రాత్రిళ్లు నిద్ర లేదు.
– ఓ పాఠకుడు, తార్నాక

సమాధానం: కొత్తలో చాలామందికి జరిగేదే ఇది, చక్కదిద్దడమూ తేలికే. గిట్‌లో ఒకసారి కమిట్ అయిన పని చరిత్రలో నిలిచే ఉంటుంది కాబట్టి, గిట్ లాగ్‌లో సీనియర్ కమిట్ వెతికి ఆ భాగం తిరిగి తెచ్చుకోవచ్చు. నిజంగా జాగ్రత్తపడాల్సినవి ముఖ్యంగా రెండు: కమిట్ చేయకముందే చెరిగిపోయిన మార్పులు, అందరూ వాడే బ్రాంచ్ మీద ఫోర్స్ పుష్. ఇవాళే సీనియర్ దగ్గరికెళ్లి జరిగింది చెప్పండి; ఆలస్యమైతే దానిమీద ఇంకొకరి పని పేరుకుంటుంది.

సందేహం: రైల్వేలో రిటైరయ్యాను. తెలుగు వికీపీడియాలో సికింద్రాబాద్ వ్యాసానికి గంటసేపు టైపు చేసి ప్రచురించబోతే ‘దిద్దుబాటు ఘర్షణ’ అని వచ్చింది. నామీద ఎవరైనా ఫిర్యాదు చేశారా?
– ఓ పాఠకుడు, మెట్టుగూడ

సమాధానం: ఫిర్యాదేమీ కాదండీ, మీరు నిశ్చింతగా ఉండండి. ఊరికి 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టిన సంగతి మీరు సవరిస్తుండగా అదే చోట ఇంకొకరు తమ మార్పు ముందుగా భద్రపరిచారనుకోండి, అప్పుడు ఈ సందేశం వస్తుంది. పై పెట్టెలో ఇప్పుడున్న పాఠం, కింద మీరు రాసింది ఉంటాయి. నిలిచేది పైదే కాబట్టి ఎదుటివారి వాక్యం తీసేయకుండా మీ వాక్యాలు అందులో చేర్చండి. కాపీ చేసుకోకుండా పేజీ మూసేయొద్దు. ఒకే వాక్యం మాటిమాటికీ మారుతుంటే మళ్లీ దిద్దకుండా చర్చ పేజీలో మీ ఆధారం చూపి మాట్లాడండి.