ఈతదుస్తుల బట్ట వేరు, మన నూలుబట్ట వేరు

మా సోలాపూర్ తెలుగువాళ్ళకు బట్ట సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చద్దర్లు, తువ్వాళ్ళు నేసిన ఇళ్ళలో పుట్టాం. నేను బి.కాం. చదివి బ్యాంకు గుమాస్తాగా రిటైరయ్యాను గాని, పడుగు పేకల మాటలు వింటూనే పెరిగాను. ఆ ధీమాతోనే పొరపాటు చేశాను.

మనవరాలు ఈత నేర్చుకోవడానికి చేరి, ఈతదుస్తులు కావాలంది. ధర చూసి, "నూలు టీషర్టు, పైజమా చాలవటమ్మా?" అన్నాను. నాలుగోరోజు ఆ పైజమా కాళ్ళకు చుట్టుకొని లోతులో మునకలు వేసింది. నేర్పే ఆయన దూకి పైకి తీశాడు. ఇంటికొచ్చి ఆ తడిబట్టలు త్రాసులో వేశాను. పొడిబట్టల బరువుకు రెండింతలు దాటింది! నిజానికి నీటిలో ఉండగా బరువు అంతగా తెలియదు. వదులుబట్ట నీటిని అడ్డుకొని కాలుచేతులు సాగనివ్వదు, అదే ప్రమాదం. గట్టెక్కేటప్పుడు బరువు తెలుస్తుంది.

నూలుపోగు నీటిని తాగుతుంది. మామూలు గాలిలోనే తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టి ఉంచుతుంది. నైలాన్ 4 శాతం, పాలిస్టర్ అర శాతం లోపే. తువ్వాలుకు, ఎండాకాలం చొక్కాకు నూలును మించింది లేదు. ఈతకు ఆ గుణమే దోషం.

రెండో తేడా సాగుడు. మగ్గం బట్టలో పడుగు, పేక అడ్డంగా నిలువుగా బిగిసి ఉంటాయి, సాగదు. బనియన్ గుడ్డ ఉచ్చుల అల్లిక గనుక సాగుతుంది, కానీ తడిస్తే వేలాడిపోతుంది. ఈతబట్ట కూడా ఉచ్చుల అల్లికే. అయితే అందులో స్పాండెక్స్ పోగు కలుస్తుంది. 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన ఈ పోగు, అయిదింతలు సాగదీసినా మళ్ళీ యథాస్థితికి వస్తుంది. అందుకే బట్ట ఒంటికి అంటిపెట్టుకొని ఉంటుంది.

కొనేముందు లేబుల్ చదవండి. నైలాన్ 80, స్పాండెక్స్ 20 అని ఉంటే మెత్తగా, హాయిగా ఉంటుంది. కానీ కొలనులో కలిపే క్లోరిన్ స్పాండెక్స్‌ను తినేస్తుంది. రోజూ ఈదేవాళ్ళకు పాలిస్టర్, పి.బి.టి. కలిపిన బట్ట ఎక్కువకాలం మన్నుతుంది. బ్యాంకువాణ్ణి గదా, ధరను వాడే నెలలతో భాగించి చూస్తాను! ఈదగానే మంచినీళ్ళలో జాడించి నీడన ఆరేయాలి. ఇస్త్రీ పెట్టె తగలనీయకూడదు.

ఆడపిల్లకు ఆ దుస్తులేమిటని సందేహించే తల్లులకు ఒక మాట. ఇదే బట్టతో మోచేతులు, మోకాళ్ళు దాటి కప్పేవి కూడా దొరుకుతాయి. మా అమ్మాయికి అలాంటివే కొన్నాను. అయినా అది మళ్ళీ లోతువైపు వెళ్ళడానికి రెండు నెలలు పట్టింది.