విద్యుత్తు కారు ఏల ఆలస్యమగును?

మన దేవనహళ్ళి మీదుగా హైదరాబాదునకు పోవు రహదారి ప్రక్కను పది నిమిషములు నిలిచి చూచినచో, ఆకుపచ్చని సంఖ్యాఫలకములు గల కార్లు పెక్కు కనబడును. ఆ పచ్చదనము పెట్రోలుతోగాక విద్యుత్తుతో నడచు వాహనమునకు గుర్తు. దానిపై తెల్లని అక్షరములున్న అది సొంత వాహనము. పసుపుపచ్చని అక్షరములున్న అద్దె వాహనము. 2008 మే నెలలో ఇచ్చట విమానాశ్రయము తెరువబడినది మొదలు, అద్దెకార్లు నడపి జీవించు కుటుంబములు ఈ ప్రాంతమున హెచ్చినవి. మన విద్యార్థులలో కొందరు అట్టి ఇండ్లవారే. కావున ఈ పాఠము వారికిని, వారి తలిదండ్రులకును ఉపయోగపడగలదని తలచి వ్రాయుచున్నాము.

మేమెరిగిన ఒక విద్యార్థిని తండ్రి ఉగాదినాడు విద్యుత్తు కారు కొరకు బయానా చెల్లించెను. శ్రావణమాసమునకు బండి ఇత్తుమని విక్రేతలు చెప్పిరి. ఆ మాట నమ్మి అతడు తన పాత డీజిలు కారును అమ్మివేసెను. శ్రావణము గడచెను; ఆయుధపూజయు గడచెను; బండి రాలేదు. ఎప్పుడడిగినను “వచ్చే నెల” అను ఒకే సమాధానము. నాడు తన బండికి తానే యజమానియైనవాడు నేడు పరుల బండికి దినకూలిపై చోదకుడాయెను. “మనలను మోసగించిరా?” అని అతడు కుమార్తె నడిగెను. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు ముందు రెండు సంగతులు తెలియవలెను: ఆలస్యమునకు కారణమేమి? కొనువానికి గల హక్కులేవి?

ఆలస్యమునకు కారణములు

విద్యుత్తు కారునకు మూడు వస్తువులు ముఖ్యములు. మొదటిది బ్యాటరీ. అందలి లిథియము ఆస్ట్రేలియా, చిలీ మొదలగు దేశముల గనులనుండి వచ్చును. దానిని శుద్ధిచేయు పని అధికభాగము చైనాలో జరుగును. రెండవది చిప్పులు. 2020లో కోవిడు వ్యాపించినప్పుడు ఫోనులకును కంప్యూటర్లకును గిరాకి పెరిగి చిప్పులు అటు తరలిపోయెను. తత్ఫలితముగా 2021లో ప్రపంచమంతట కార్ల కర్మాగారములు ఉత్పత్తిని తగ్గింపవలసివచ్చెను. మూడవది మోటారులోని శాశ్వత అయస్కాంతము. పెక్కు మోటార్లలో దీనిని నియోడిమియము అను లోహముతో చేయుదురు. వేడికి తాళుటకై డిస్ప్రోసియమువంటి అరుదైన లోహములను స్వల్పముగా కలుపుదురు. 2025 ఏప్రిల్‌లో చైనా అట్టి ఏడు లోహముల ఎగుమతికి అనుమతిపత్రములు కావలెనని శాసించగా, మన దేశపు వాహన నిర్మాతలును ఇబ్బంది పడిరి.

ఇరుసునకు చీల లేనిచో ఎద్దులెంత బలిష్ఠములైనను బండి సాగదు గదా! అట్లే వేల భాగములు సిద్ధముగానున్నను, ఒక్క చిన్న భాగము రాకున్నచో కారు కర్మాగారము గడప దాటదు.

మన ప్రాంతపు ప్రయత్నములు

ఇచ్చటికి సమీపముననున్న ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు మోక్షగుండమువారు. ఆయన 1930 దశకముననే మన దేశమున కార్ల కర్మాగారము నెలకొల్పవలెనని పాటుపడిరి. నాటి ప్రభుత్వపు తోడ్పాటు లభింపక ఆ సంకల్పము అప్పుడు నెరవేరలేదు. పిదప 2001లో బెంగళూరుననే చేతన్ మైనీగారి సంస్థ ‘రేవా’ అను చిన్న విద్యుత్తు కారును విక్రయింపసాగెను. లండను నగరమున అది ‘జీ-విజ్’ అను పేర తిరిగెను. సీసపు బ్యాటరీలతో నడచు ఆ కారు ఒక్కమారు విద్యుత్తు నింపిన సుమారు 80 కిలోమీటర్లు పోవును. మన ఊరినుండి బెంగళూరు నడిబొడ్డునకు సుమారు 40 కిలోమీటర్లు. అనగా పోయి వచ్చుసరికి దాని శక్తి తీరిపోవునన్నమాట! 2010లో ఆ సంస్థ మహీంద్రావారి వశమాయెను.

తేలికయై ఎక్కువ శక్తి నిలుపు లిథియము బ్యాటరీ సైతము ఒక్కనాట రాలేదు. 1970 దశకమున విట్టింగ్‌హాం, 1980లో గుడ్‌ఎనఫ్, 1985లో యోషినో దానిని అంచెలంచెలుగా రూపొందించిరి. 1991లో అది విపణికి వచ్చెను. ఆ మువ్వురికిని 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినప్పుడు గుడ్‌ఎనఫ్‌గారి వయస్సు 97 సంవత్సరములు. తెలంగాణమున మహబూబ్‌నగరు జిల్లా దివిటిపల్లిలో లిథియము బ్యాటరీల కర్మాగారమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. ఇట్టివి మన దేశమున వృద్ధియైనకొలది పరదేశపు సరకుకై ఎదురుచూచుట తగ్గును.

కొనువాని హక్కులు

బయానా పత్రము సామాన్యముగా ఆంగ్లమున నుండును. చదువనేర్చిన పిల్లలు దానిని ఇంటివారికి తెలుగున వివరింపవలెను. నాలుగు విషయములు వెదకుడు: బండి ఇచ్చు తేదీ నిశ్చయమా, అంచనాయా? ఈలోగా ధర పెరిగిన భారమెవరిది? వద్దనుకొన్న బయానా ఎంత తిరిగి వచ్చును? ఎన్నిదినములలో వచ్చును? రశీదులను భద్రపరచవలెను. క్రొత్తబండి ముంగిట నిలువక మునుపు పాతబండి నమ్ముట తగదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము సేవాలోపమునకు జిల్లా కమిషనునందు రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవచ్చును. స్వయముగా శ్రమించి జీవనోపాధి పొందుటకై కొన్న వ్యక్తియు ఈ చట్టమున వినియోగదారుడే. కావున సొంతముగా నడుపుకొను అద్దెకారువారు తమకు హక్కు లేదని వెనుదీయనక్కరలేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు వత్తము. భాగములు రాక ఆలస్యమగుట మోసము కాదు. కారణము చెప్పక, సొమ్ము తిరిగి ఈయక, నెల నెలకు మాట మార్చుట మాత్రము అన్యాయము. ఈ భేదము తెలిసిన పిదప ఆ బాలిక తండ్రి మాటలను మొదట తెలుగున వ్రాసికొని, ఆపై కన్నడమున చక్కని లేఖగా మార్చి విక్రేతకు పంపెను. ఏ భాగము కొరతయో, ఏ నెలకు బండి రాగలదో తెలుపుచు వ్రాతమూలకముగా ప్రత్యుత్తరము వచ్చినది. బండి ఇంకను రాలేదు. అయినను నిలుచుటయో, సొమ్ము తిరిగి పుచ్చుకొనుటయో తేల్చుకొనుటకు అతనికిప్పుడు ఆధారమున్నది.

అభ్యాసము

1. ఒక కారు బ్యాటరీలో 30 యూనిట్లు పట్టును. ఇంటి పరికరము గంటకు 3 యూనిట్లు నింపును. పూర్తిగా నిండుటకు ఎన్ని గంటలు పట్టును?

2. యూనిటుకు 6 కిలోమీటర్లు నడచినచో, ఆ కారు దేవనహళ్ళినుండి బెంగళూరునకు ఎన్నిమారులు పోయి రాగలదు?

3. మీ ఇంట నున్న ఏదేని ఒక కొనుగోలు పత్రమును చదివి, అందలి షరతులను తెలుగున ఐదు వాక్యములలో వ్రాసి పెద్దలకు వినిపింపుడు.