కాయకమున నేర్చిన పెద్దరికము

పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణమున వెలసిన అనుభవ మంటపమును స్మరించునపుడు మనము అల్లమ ప్రభువు అధిష్ఠించిన శూన్య సింహాసనమునే ముందుగా తలంతుము. దాని యెదుట కూర్చున్నవారిని అంతగా తలంపము. బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య మొదలగు శరణులు తమ వృత్తితోనే ఆ సభలో గౌరవమునందిరి. పనిలోని మాటలతోనే తత్త్వము పలికిరి.

ఆయ్దక్కి మారయ్య కథ ఇచ్చట విచారింపదగినది. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జంగమ దాసోహము జరుపుట ఆతని కాయకము. ఒకనాడు మామూలుకంటె హెచ్చుగా తెచ్చెను. భార్య లక్కమ్మ అది చూచి, మిగులు బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. మారయ్య అట్లే చేసెను. సభలో చర్చకు లోనై ఆతడు పని మరచిన దినమున హెచ్చరించినదియు ఆమెయే. ఆమెకు పీఠము లేదు, బిరుదు లేదు. దాసోహమునకు ఎంత కావలెనో ఎరిగినది గనుక ఆమె మాట చెల్లెను. ఆ దంపతులిరువురి వచనములును నేటికి నిలిచియున్నవి.

మన బీబీపేట ప్రాంతమున ఇట్టి విద్యను చూడదలచినవారు బీడీలు చుట్టు స్త్రీల అరుగులకు పోవలెను. పొగాకు మేలైన వస్తువని నేననను. దాని కీడు వేరుగ చెప్పవలసినదే. కాని ఆ చేతుల శ్రమ శ్రమయే. తునికాకును తడుపుట, కొలతకు కత్తిరించుట, పొగాకు నింపి చుట్టుట, దారము కట్టుట, ఇవి ఏ బడిలోను చెప్పిన పాఠములు కావు. క్రొత్త కోడలు అత్త ప్రక్కను కూర్చుండి, ఆకు తడి వ్రేలికి తెలియువరకు నేర్చును. ఆకు తక్కువగా ఇచ్చినపుడు, చుట్టిన బీడీలను బాగులేవని త్రోసివేసినపుడు ఎదురాడగలది కూడ చేయి తిరిగిన స్త్రీయే. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంటివద్ద చుట్టువారిని సైతము కార్మికులుగా గుర్తించి, ఇట్టి తగవులు తీరు దారిని చూపినది. అయినను లెక్క తెలిసి నోరు తెరచువారు లేనిచో చట్టము కాగితముననే యుండును.

ఇక మన ఇండ్ల సంగతి. మనలో వర్తకులు పెక్కురు. కుమారుని నేరుగా గల్లాపెట్టె ముందు కూర్చుండబెట్టుచున్నాము. త్రాసు పట్టనివానికి, మూట ఎత్తనివానికి, గుమాస్తా వ్రాసిన చిట్టా చదువనివానికి ఆ స్థానమెట్లు చెల్లును? అంతకంటె పెద్ద లోపము వేరొకటి కలదు. ఇరువది ఏండ్లుగా సరకు ఎరిగిన పనివాడు తప్పు చూపినచో మనకు చెవి లేదు. మఠములలోను ఇంతే. వేయిమందికి ఎసరెంత, బియ్యమెంత యని ఎరిగిన తల్లిని ఏ కార్యవర్గమైనను ఆలోచన అడిగెనా?

రానున్న బసవ జయంతికి దాసోహపు పెత్తనమును అట్టి తల్లులకే అప్పగించి, మన యువకులను వారి చేతిక్రింద ఉంచి చూడుడు. పొయ్యివద్ద, పంక్తివద్ద వారు పని నేర్తురు. రాత్రి పని ముగిసిన పిదప అందరును ఒకచోట కూర్చుండి లోటుపాటులు చెప్పుకొనవలెను. అందు మొదటి మాట అంట్లు తోమినవారిది కావలెను.