పోటీ పరీక్షల ప్రత్యేకం: రావి కొండలరావు, సిక్కోలు హాస్యనటుడు

రావి కొండలరావు జననం 1932 ఫిబ్రవరి 11, సామర్లకోట. పెరిగింది శ్రీకాకుళంలో. జన్మస్థలం అడిగితే శ్రీకాకుళం అని గుర్తు పెట్టేయకండి. సామర్లకోట నాడు తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్ 4 నుంచి కాకినాడ జిల్లా.

ఆయన పెరిగిన ఉత్తరాంధ్ర నాటక సంప్రదాయం నుంచీ ప్రశ్నలు వస్తాయి. గురజాడ 'కన్యాశుల్కం' తొలి ప్రదర్శన: 1892, విజయనగరం. తొలి ముద్రణ: 1897. ఈ రెండేళ్లనూ తారుమారు చేసి అడగవచ్చు.

కొండలరావు తొలి చిత్రం 'శోభ' (1958), దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. నటించినవి ఆరు వందలకు పైమాటే. 1966లో మొదలైన 'విజయచిత్ర' పత్రికతోనూ ఆయనకు మంచి పేరు వచ్చింది. భార్య రాధాకుమారి కూడా నటి. తెరమీదా ఇద్దరూ భార్యాభర్తలుగా ఎన్నోసార్లు కనిపించారు.

అన్నిటికంటే ముఖ్యం 'పెళ్లిపుస్తకం' (1991). దర్శకుడు బాపు, మాటలు ముళ్లపూడి, కథ కొండలరావు. 'మిస్సమ్మ' (1955)లో పెళ్లికానివారు దంపతులుగా నటిస్తారు. 'పెళ్లిపుస్తకం'లో దంపతులే పెళ్లికానివారిగా నటిస్తారు. పాత కథను ఇంత హాయిగా తిరగేయడం ఆయనకే చెల్లింది. ఉత్తమ కథారచయితగా నంది పురస్కారం దీనికే. 'భైరవద్వీపం' (1994) కథా ఆయనదే. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు.

పుస్తకాల్లో 'బ్లాక్ అండ్ వైట్' పేరు గుర్తుంచుకోండి. ఇదీ నంది అందుకుంది.

పైన వచ్చిన ఉత్తరాంధ్ర జిల్లాల ఆవిర్భావ తేదీలు: శ్రీకాకుళం 1950 ఆగస్టు 15, విజయనగరం 1979 జూన్ 1.

మరణం: 2020 జులై 28, హైదరాబాద్. జతపరచండి తరహా ప్రశ్నకు సినిమా, సంవత్సరం, దర్శకుడు మూడూ కలిపి చదవండి.