మిరప వైరస్‌ల శుద్ధిలో సాంద్రతా ప్రవణత రూపకల్పన

వరి విత్తనాన్ని ఉప్పునీటిలో వేసి, తేలిన తాలును తీసివేయటం తెలుగు రైతుకు కొత్త కాదు. అక్కడ ద్రావణానికి ఒకే సాంద్రత. గింజ మునుగుతుంది, లేదా తేలుతుంది. సాంద్రతా ప్రవణతలో గొట్టం అడుగు నుంచి పైకి సాంద్రత క్రమంగా తగ్గుతుంది గనుక, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినపుడు కణాలు వేర్వేరు ఎత్తులలో పట్టీలుగా విడిపోతాయి. మొక్కల వైరస్‌ల శుద్ధికి ఈ పద్ధతిని మైరన్ బ్రాకే 1951లో ప్రవేశపెట్టారు.

ఖమ్మం జిల్లాలోనూ, భద్రాచలం అటవీ సరిహద్దు మండలాలలోనూ మిరప ఆకు ముడతను చూసినంతనే కారణం చెప్పటం కష్టం. తామరపురుగుల వల్ల పైముడత, నల్లి వల్ల కిందిముడత వస్తాయి. తెల్లదోమ వ్యాపింపజేసే జెమిని వైరస్ కూడా ఆకును ముడుస్తుంది. పొరపాటు నిర్ధారణకు మూల్యం రైతు కొనే పురుగుమందు. ఎలీసా పరీక్ష ఈ సందిగ్ధాన్ని తీర్చగలదు. అయితే దానికి కావలసిన ప్రతిరక్షకాలను శుద్ధి చేసిన వైరస్‌తో తయారు చేయాలి. అందులో ఆకు ప్రోటీన్లు మిగిలితే వాటికీ ప్రతిరక్షకాలు పుట్టి, ఆరోగ్యకరమైన మొక్క కూడా రోగగ్రస్తంగా కనబడుతుంది.

ప్రవణత రూపకల్పనలో మొదట తేల్చుకోవలసింది, కణాలను అవక్షేపణ వేగాన్ని బట్టి విడదీయాలా, సాంద్రతను బట్టి విడదీయాలా అన్నది. మొవ్వుకుళ్ళు కలిగించే టోస్పో వర్గపు వైరస్‌ల సాంద్రత చక్కెర ద్రావణంలో సుమారు 1.21. భారం ప్రకారం 40 శాతం చక్కెర ద్రావణపు సాంద్రత 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 1.176 మాత్రమే. కాబట్టి 10–40 శాతం ప్రవణతలో ఈ వైరస్ ఎక్కడా స్థిరపడదు; సకాలంలో ఆపకపోతే అడుగుకు చేరుతుంది. స్థిరపడాలంటే అడుగున 50 శాతం, అంటే 1.23 సాంద్రత, ఉండాలి.

జెమిని వైరస్‌తో చిక్కు వేరు. దాని అవక్షేపణ గుణకం సుమారు 70. పత్రహరిత కణాలలోని రైబోసోములదీ అంతే. వేగంతో రెండూ విడిపోవు. నిష్కర్షణ ద్రావణంలో ఇ.డి.టి.ఎ. చేర్చితే మెగ్నీషియం బంధితమై రైబోసోములు చిన్న ఖండాలుగా విడిపోతాయి, వైరస్ పట్టీ ప్రత్యేకంగా నిలుస్తుంది. కుకుంబర్ మొజాయిక్ వైరస్‌కు సీజియం క్లోరైడ్ పనికిరాదు. అంతటి లవణ గాఢతలో దాని కణాలే విచ్ఛిన్నమవుతాయి. దానికి చక్కెరే శ్రేయస్కరం.

విద్యార్థుల పుస్తకాలలో తరచు కనిపించే లోపం శాతానికి సంబంధించినది. వంద మిల్లీలీటర్లలో 40 గ్రాములు కరిగిస్తే భారం ప్రకారం అది 35 శాతం మాత్రమే. అసలైన 40 శాతానికి వంద మిల్లీలీటర్లలో 47 గ్రాములు ఉండాలి. పద్ధతి రాసేటపుడు ఏ కొలత అన్నది స్పష్టం చేయకపోతే ఇతరులకు అదే ఫలితం రాదు.

ప్రవణత యంత్రం లేనిచోట 40, 30, 20, 10 శాతం ద్రావణాలను అడుగు నుంచి వరుసగా పొరలుగా పోసి, గొట్టాలను కదిలించకుండా రాత్రంతా చల్లని చోట ఉంచితే పొరలు కలిసి చక్కని ప్రవణత ఏర్పడుతుంది. నమూనా సాంద్రత పై పొర సాంద్రత అయిన 1.038 కంటే తక్కువగా ఉండాలి. లేకపోతే అది ధారలుగా దిగి పట్టీలను చెరుపుతుంది. యంత్రాన్ని నెమ్మదిగా మొదలుపెట్టాలి, ఆపేటప్పుడు బ్రేకు వాడకూడదు.