మాయమైన మెట్టు ఏం చెబుతుంది?

గొల్లపల్లిలో మన ఇంటి ప్లగ్గులో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అదే రెండు సూపర్‌కండక్టర్ల మధ్య సన్నని అడ్డుపొర పెట్టి, దాని మీద ఒక్క మైక్రోవోల్టు డీసీ ఇవ్వండి. అందులో కరెంటు సెకనుకు 48 కోట్లకు పైగా సార్లు ఊగుతుంది. ఇచ్చింది డీసీ, వచ్చింది ఏసీ! 1962లో ఈ సంగతి లెక్క కట్టి చెప్పినవాడు కేంబ్రిడ్జిలో 22 ఏళ్ల పరిశోధక విద్యార్థి బ్రయాన్ జోసెఫ్‌సన్. 1973లో నోబెల్ వచ్చింది. ఆ అతుకునే జోసెఫ్‌సన్ జంక్షన్ అంటాం.

ఎందుకు ఊగుతుంది? సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జంటలుగా నడుస్తాయి. ఒక వైపున్న జంటలన్నిటికీ ఒకటే ఫేజ్. రెండు వైపుల ఫేజ్ తేడాను బట్టి కరెంటు ఉంటుంది. వోల్టేజీ ఆ తేడాను పెంచుతూ పోతుంది. తేడా 360 డిగ్రీలు పెరిగేసరికి కరెంటు మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు జంక్షన్ మీద 3 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ వేద్దాం. కరెంటు పెంచుతుంటే వోల్టేజీ నున్నగా పెరగదు. 6.2, 12.4, 18.6 మైక్రోవోల్టుల దగ్గర ఆగి ఆగి ఎక్కుతుంది. ఇవే షపీరో మెట్లు.

అసలు కథ ఇక్కడే. జంక్షన్‌ను సెమీకండక్టర్ నానోతీగతో కట్టి అయస్కాంత క్షేత్రం పెంచితే, ఒక దశలో ఎనర్జీ గ్యాప్ మూసుకుపోయి మళ్లీ తెరుచుకోవాలి. అదే టోపోలాజికల్ ఫేజ్ మార్పు. దాని తర్వాత తీగ చివర్లలో మెజొరానా స్థితులు పుడతాయని సిద్ధాంతం. అప్పుడు జంటకు బదులు ఒక్కో ఎలక్ట్రాన్ ఛార్జ్ దాటుతుంది. కరెంటు మొదటికి రావడానికి 720 డిగ్రీలు కావాలి. ఊగే వేగం సగమవుతుంది. 6.2, 18.6 లాంటి బేసి మెట్లు మాయమై 12.4 మిగలాలి. 2012లో పర్డ్యూ విశ్వవిద్యాలయ బృందం ఇండియం యాంటిమొనైడ్ తీగలో, బలమైన క్షేత్రంలో, మెట్టు ఎత్తు రెట్టింపవడం చూసింది.

మరి మెజొరానా దొరికినట్టేనా? తొందరపడొద్దు. జంక్షన్ గుండా ఎలక్ట్రాన్లు దాదాపు అడ్డు లేకుండా పోతుంటే, రెండు శక్తి స్థాయిల మధ్య ఎడం బాగా చిన్నదవుతుంది. ఫేజ్ వేగంగా మారుతుంటే ఎలక్ట్రాన్లు ఆ ఎడాన్ని దూకేస్తాయి. దీన్ని ల్యాండౌ-జీనర్ దూకుడు అంటారు. అప్పుడు కూడా 720 డిగ్రీల లెక్కే కనిపిస్తుంది. 2021లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ బృందం టోపోలాజికల్ కాని అల్యూమినియం, ఇండియం ఆర్సెనైడ్ జంక్షన్‌లోనూ మొదటి మెట్టు మాయమవడం చూపించింది.

మెజొరానా స్థితులతో తప్పులు తక్కువ చేసే క్వాంటం కంప్యూటర్ కట్టాలని పెద్ద ఆశ ఉంది. అందుకే ఈ తేడా ముఖ్యం. మెట్టు పోవడం ఒక ఆధారమే, రుజువు కాదు. క్షేత్రం లేనప్పుడూ పోతోందా, ఫ్రీక్వెన్సీ మారిస్తే ఏమవుతోంది, జంక్షన్ నుంచి సగం ఫ్రీక్వెన్సీ తరంగం వస్తోందా అని కూడా చూడాలి.

చివరగా మీకో లెక్క: 5 గిగాహెర్ట్జ్ వేస్తే మామూలు జంక్షన్‌లో మొదటి మెట్టు ఎక్కడ? 10.3 మైక్రోవోల్టులు వస్తే పాఠం అర్థమైనట్టే.