జంట ఆటను విడువకు, తల్లీ

రాజమహేంద్రవరము

చిరంజీవి చిట్టితల్లిని తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా,

ట్యునీషియాలోని మొనాస్టీరు నుండి నీవు వ్రాసిన జాబు చేరినది. ఓటమిని గూర్చి నాలుగు పంక్తులును, అచటి సముద్రపు గాలిని గూర్చి రెండు పంక్తులును వ్రాసితివి గాని భోజనమును గూర్చి ఒక్క మాటయైనను వ్రాయవైతివి. మీ అమ్మమ్మ ఆ జాబును రెండు మారులు చదివించుకొని, పిల్ల సరిగా తినుట లేదని నిశ్చయించి, అప్పటినుండి వంటింటిలో ఏదో ఒకటి పొట్లములు కట్టుచునే యున్నది. అది యట్లుండనిమ్ము. నన్ను కలతపెట్టిన సంగతి నీ జాబులో లేదు. నిన్న సాయంకాలము మీ పిన్ని వచ్చి చెప్పినది: నీవు టెన్నిస్‌లో డబుల్స్ ఆటకు స్వస్తి పలికితివట, ఇంతకాలము నీతో జంటగా ఆడిన పూనా పిల్లతో ఇక ఎవరి దారి వారిదని తెగవేసి చెప్పితివట, 21 ఏండ్లు నిండినను ర్యాంకు కదలనందున, ఉన్న శక్తినంతయు సింగిల్స్‌కే ధారపోయ సంకల్పించితివట. ఇందెంత నిజమో నాకు తెలియదు. ఇది ఏ కొంచెము నిజమైనను ఊరకుండుటకు నా మనస్సు ఒప్పకున్నది గావున, రాత్రి నిద్ర పట్టక లేచి, దీపము వేసికొని ఈ జాబు వ్రాయుచున్నాను.

ముందుగా వయస్సు మాట. ఇటలీ దేశమున, టస్కనీ కొండల నడుమ, బాన్యి ది లుక్కా అను చిన్న ఊర పెరిగిన జాస్మిన్ పావోలీని చరిత్రము నీకు తెలియనిది కాదు. కాని తెలిసినదానిని దుఃఖసమయమున మరచుట మానవస్వభావము గావున మరల చెప్పుచున్నాను. ఆమె 1996 జనవరి 4న జన్మించినది. తండ్రి ఇటలీవాడు, తల్లి వైపున ఘనా, పోలండు దేశముల రక్తము కలిసినది. ఎత్తు 163 సెంటీమీటర్లు మాత్రమే. ఆరడుగుల ఆటకత్తెలు తల మీదుగా సర్వీసు కురిపించు ఈ కాలమున ఆ ఎత్తు ఏపాటిదో కోర్టులో నిలిచిన నీకే నాకంటె బాగుగ తెలియును. ఆమె తొలి డబ్ల్యు.టి.ఏ. టైటిలు 2021లో స్లొవేనియాలోని పోర్టొరోజ్‌లో, 25వ యేట లభించినది. 2024 వచ్చువరకు గ్రాండ్‌స్లామ్ పోటీలలో ఒక్కమారైనను రెండవ రౌండు దాటి యెరుగదు. వింబుల్డన్ మెయిన్ డ్రాలో ఆమెకు ఒక్క గెలుపైనను లేకుండెను. అట్టి పిల్ల 28వ యేట ఫిబ్రవరిలో దుబాయి టైటిలును, తొలి సెట్టు ఓడి తక్కిన రెండును 7-5, 7-5 తో గెలిచి, కాలిన్‌స్కాయా చేతి నుండి లాగికొనినది. జూన్‌లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనలు, జూలైలో వింబుల్డన్ ఫైనలు ఆడినది. ఒకే యేట ఆ రెండు ఫైనలులకును చేరుట 2016లో సెరీనా విలియమ్స్ తరువాత అంతవరకు ఏ స్త్రీకిని సాధ్యపడలేదు. ఆమెకు ముందు, ఇటలీకి స్త్రీల సింగిల్స్‌లో మొదటి గ్రాండ్‌స్లామ్ తెచ్చిన ఫ్రాంచెస్కా స్కియావోనె సైతము 2010లో పారిసున గెలుచునాటికి ముప్పది ఏండ్ల గడప మీద నున్నది. కావున 21 ఏండ్లకే కాలము మించినదను మాట నా యెదుట మరి యెత్తకుము.

ఇక నేను వ్రాయ కూర్చున్న విషయమునకు వచ్చుచున్నాను. పావోలీనిని గూర్చి పత్రికలు ఆ రెండు ఫైనలులనే చెప్పినవి. నేను చూచినది వేరు. 2024 జూన్ 8న, పారిసులో, ఇగా ష్వియాంటెక్ ఆమెను 6-2, 6-1 తేడాతో నిర్దాక్షిణ్యముగ ఓడించినది. జీవితమునందలి మొదటి గ్రాండ్‌స్లామ్ ఫైనలు గంట దాటి కొన్ని నిమిషములకే ముగిసిపోయినప్పుడు, మరునాటి ఉదయమున ఆ పిల్ల మంచము దిగుట యెట్లా అని నేను ఇక్కడ కుర్చీలో కూర్చుండి వ్యాకులపడితిని. కాని మరునాడు ఆమెకు పని యున్నది. సారా ఎర్రానీతో కలిసి డబుల్స్ ఫైనలు ఆడవలసి యున్నది. ఆడినది, అదియు ఓడినది. అయినను, అమ్మా, నిన్నటి ఓటమి బరువును మోయుచు ఒంటరిగ హోటలు గదిలో కూర్చుండుటకును, పక్కన మరియొకతె నిలిచి "ఈ పాయింటు చూతము" అనుచుండగ రాకెట్టు పట్టి నిలుచుటకును గల భేదమును నీవు ఆలోచింపుము. రెండు నెలలైనను గడవక ముందే, ఆగస్టు 4న, ఫ్రెంచ్ ఓపెన్ జరిగిన ఆ రోలాండ్ గారోస్ ప్రాంగణముననే, ఆ ఎర్రమట్టి మీదనే, ఆ ఇరువురును రష్యా పిల్లలైన ఆంద్రేయెవా, ష్నైడర్‌లపై మొదటి సెట్టు 2-6 తో పోగొట్టుకొని, రెండవది 6-1, చివరి టై బ్రేకు 10-7 గా గెలిచి ఒలింపిక్ స్వర్ణము ధరించిరి. టెన్నిస్‌లో ఇటలీకి అదియే మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణము. అప్పటికి ఎర్రానీ వయస్సు 37. అది ఆమె అయిదవ ఒలింపిక్స్.

ఆ సంవత్సరాంతమున మాలగాలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ సెమీఫైనలును నేను ఎన్నటికిని మరువజాలను. పోలండుతో పోరు. పావోలీని మొదటి సెట్టు గెలిచియు ష్వియాంటెక్ చేతిలో సింగిల్స్ ఓడినది. ఇరుపక్షములును సమానమైనవి. తీర్పు డబుల్స్ మీద పడినది. ఇప్పుడే తన్ను ఓడించి వెళ్లిన ఆ ష్వియాంటెక్కే మరల నెట్టు కావల నిలిచినది. ఈ మారు పావోలీని పక్కన ఎర్రానీ యున్నది. 7-5, 7-5. ఇటలీ ఫైనలు చేరి, స్లొవేకియాను గెలిచి కప్పు నెత్తినది. ఒక పూట ఓటమికి ఆ పూటనే ఔషధము దొరకు ఆట మరియొకటి యున్నదా చెప్పుము. 2025 మే నెలలో రోము నగరమున కోకో గాఫ్‌ను 6-4, 6-2 తో గెలిచి, 1985 తరువాత ఆ టైటిలు పొందిన తొలి ఇటలీ స్త్రీ యైన మరునాడే, పావోలీని మరల అదే నగరమున ఎర్రానీతో డబుల్స్ టైటిలును గెలిచినది. కిరీటము ధరించిన మరునాడు, అలసితినని తప్పుకొనుటకు ఎవరైనను అడ్డుపడియుందురా? ఆమె తప్పుకొనలేదు.

నీవు వెంటనే రొబెర్తా విన్సీ మాట యెత్తుదువని నాకు తెలియును. విన్సీ, ఎర్రానీ కలిసి అయిదు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిలులు గెలిచి, 2014 వింబుల్డన్‌తో నాలుగు పోటీలను పూర్తిచేసి, 2015లో విడిపోయిరి. ఆ యేడే విన్సీ యు.ఎస్. ఓపెన్ సెమీఫైనలులో, సంవత్సరపు నాలుగు గ్రాండ్‌స్లాములను ఒక్క చేత పట్టుటకు రెండడుగుల దూరమున నిలిచిన సెరీనాను 2-6, 6-4, 6-4 తో నిలువరించినది. జంటను విడిచిన పిమ్మటనే గదా ఇంతటి విజయము కలిగినదని నీవందువు. సరియే. కాని, తల్లీ, ఆనాడు సెరీనాను కలతపెట్టిన ఆయుధము లేవి? నేలబారున జారిపోవు బ్యాక్‌హ్యాండ్ స్లైసు, నెట్టు వద్దకు చొచ్చుకొనివచ్చి కొట్టు వాలీ. అవి ఒక సంవత్సరమున పుట్టిన విద్యలు కావు. ఏండ్ల తరబడి జంట ఆటలో సానపట్టిన విద్యలని నా దృఢవిశ్వాసము. ఇంకొకటి. ఫైనలులో విన్సీని ఓడించిన ఫ్లావియా పెన్నెట్టా ఎవరు? 1999లో పారిసున బాలికల డబుల్స్ టైటిలును ఆ విన్సీతో కలిసి గెలిచిన పిల్లయే. పెద్దయైన పిదప డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానము నందిన ఇటలీ స్త్రీయే. ఒకతె టరాంటోది, ఒకతె బ్రిండిజిది, ఇరువురును పూల్యా సీమ బిడ్డలే. జంటలు విడిపోవుట లోకసహజము, దానికి నేను నిన్ను తప్పుపట్టను. విన్సీతో విడిపోయిన ఎర్రానీయే తన కంటె తొమ్మిదేండ్లు చిన్నదైన పిల్లను మరల పక్కన నిలుపుకొనినది గదా! నా బాధ నీవు ఒక జంటను విడిచితివని కాదు, జంట ఆటనే విడిచితివని.

ఆటలోని మెలకువల మాట నీకు చెప్పవలసిన వాడను కాను. అయినను చెప్పుచున్నాను, విసుగుకొనకుము. సింగిల్స్‌లో సర్వీసు తిరిగి కొట్టునప్పుడు కోర్టు నడుమకు బంతిని గుండ్రముగ లేపినను గండము గడచును. డబుల్స్‌లో నెట్టు వద్ద నిలిచినది దానిని నీ పాదముల వద్దనే పాతిపెట్టును. గావున బంతి అడ్డముగ, తక్కువ యెత్తున పోవలెను. సర్వీసు బలముగ కొట్టిన చాలదు, పక్కనున్నది ముందుకు దూకి అందుకొనుటకు వీలగు చోట వేయవలెను. నీ సర్వీసు రెండవమారు వేయునప్పుడు నడుమునకు చచ్చుదనము వచ్చుచున్నదని మీ కోచి రెండేండ్లుగా మొరపెట్టుచున్నాడు గదా. దానికి డబుల్స్‌ను మించిన వైద్యము లేదు. ఇంకను, నీవాడు చిన్న పోటీలలో డబుల్స్ మూడవ సెట్టునకు బదులు పది పాయింట్ల టై బ్రేకు ఉండును గదా. వింబుల్డన్ సెమీఫైనలులో పావోలీని వెకిచ్‌పై 2 గంటల 51 నిమిషములు పోరాడి, ఆ పోటీల చరిత్రలోనే అతిదీర్ఘమైన స్త్రీల సెమీఫైనలును చిట్టచివర టై బ్రేకులో 10-8 గా గెలిచినప్పుడు, ఆ పది పాయింట్ల నిబ్బరము ఆమెకు ఎచట అలవడినదో నాకు సందేహము కలుగలేదు. ధనము సంగతియు ఉన్నది. మొత్తము బహుమతి 15 వేల డాలర్లైన పోటీలో మొదటి రౌండున ఓడిన పిల్ల వారము పొడుగున ఆ ఊర ఏమి చేయును? గది అద్దె ఇరువురు పంచుకొనిన సగమగును, డబుల్స్ ఉన్నచో మరియొక మ్యాచి యుండును, సాయంకాలము భోజనమునకు ఎదుట ఒక ముఖము ఉండును. మీ నాన్న పంపు డబ్బు లెక్క నీవు ఎన్నడును అడుగలేదు, వాడును ఎన్నడును చెప్పడు. మన హైదరాబాదు సానియా మీర్జా డబుల్స్‌లో ప్రపంచమున మొదటి స్థానము నందిన కథ వేరుగ వ్రాయనక్కరలేదు.

మా కాలమున టెన్నిస్ అనునది క్లబ్బులలోని పెద్దల ఆట. మాకు దక్కినది బాల్ బ్యాడ్మింటన్. పసుపుపచ్చ ఉన్ని బంతి, ప్రక్కకు అయిదుగురు. గోదావరి గట్టు క్రింద హైస్కూలు ఆవరణలో నేల తడిపి, సున్నముతో గీతలు గీసి, చీకటి పడువరకు ఆడెడివారము. మంచు కురిసిన కొలది ఆ బంతి బరువెక్కెడిది. నేను నెట్టు దగ్గర ఆడెడివాడను, నా వెనుక ఒక గుమాస్తా గారి కుమారుడు, బొద్దుగ ఉండువాడు, తనకందు బంతి నా తల మీదుగా వచ్చినప్పుడెల్ల "విడువు!" అని కేకవేసెడివాడు. ఆట ముగిసిన పిమ్మట వాని తల్లి మాకందరకును చద్దియన్నములో పెరుగు కలిపి ముద్దలు పెట్టెడిది. అటువంటి నిమ్మకాయ ఊరగాయ నేను మరల తినలేదు. ఒకమారు కాకినాడ పోటీలకు వెళ్లునప్పటికి వానికి జ్వరము తగిలినది. వాని స్థానమున వచ్చినవాడు వానికంటె పదిరెట్లు సమర్థుడు, కాని నోరు మెదపనివాడు. తల మీదుగా వచ్చిన ప్రతి బంతికిని నేను చేయి యెత్తుటయా, మానుటయా అని తడబడుచుంటిని. ఆనాడు ఓడితిమి. వాని కేక విని కదలుట నా కాళ్లకు ఎంతగా అలవాటైనదో నాకు ఆనాడే తెలిసినది. సంగీతకచేరీలో గాయకునకు ప్రక్కనున్న వాయులీనమువలె, ఆ బొద్దువాడు నన్ను నాకంటె మంచి ఆటగానిగ చేసినాడు. వాడు పోయి చాలా కాలమైనది. ఇప్పటికిని టి.వి.లో ఎర్రానీ వెనుకకు జరుగుచు పావోలీనిని కేకవేయుట చూచినప్పుడు, నాకు వాని కంఠమే వినబడును.

ఇంత కోపముతో వ్రాసితినని అనుకొనకుము. అయిదేండ్ల పిల్లవై మన పెరటిగోడకు బంతి కొట్టుచు, మధ్యాహ్నపుటెండలో ముఖము కందిపోయినను లోపలికి రాకుండ, "తాతయ్యా, నీవు అవతల నిలువుము, గోడతో ఆడను" అని నన్ను గోలచేసిన పిల్లవు నీవు. ఒంటరి ఆట నీ స్వభావము కాదమ్మా. గెలిచిన దినమున ఎవరో ఒకరు ఎదురు పరుగెత్తుకొని రావలెను నీకు.

రేపు ఉదయము లేచిన వెంటనే ఆ పూనా పిల్లకు ఫోను చేయుము. తప్పు ఎవరిదో తేల్చుకొనుటకు కాదు. ఆమె మణికట్టు నొప్పి ఎట్లున్నదని అడుగుము, తక్కిన మాటలు వాటంతట అవే వచ్చును. ఆమెకు ఇష్టము లేకున్న, ఆ పోటీలలో జంట దొరకక చూచుచున్న మరియొక పిల్ల తప్పక యుండును. డబుల్స్ జాబితాకు గడువు తీరకముందే ఆమె పేరుతో నీ పేరు చేర్పించుము. మోకాలికి పట్టీ కట్టకుండ కోర్టులోనికి దిగకుము. నీవు హైదరాబాదు చేరునాటికి అమ్మమ్మ కట్టిన కందిపొడి, సున్నుండలు, నిమ్మకాయ ఊరగాయ మీ పిన్ని చేత పంపుచున్నాను. పొట్లములు రెండు కట్టించితిని, ఒకటి నీకు, ఒకటి నీ పక్కన ఆడు పిల్లకు.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ తాతయ్య